‘క్లోజర్’లో ఆ దరువు అరువుది. మరి పాట ఎవరిది?

లయకారి:
నా వాదన సూటిగానే చెబుతాను. అమెరికా రాక్ బృందం నైన్ ఇంచ్ నెయిల్స్ 1994లో తెచ్చిన ‘ద డౌన్‌వర్డ్ స్పైరల్’ ఆల్బమ్‌లో ఐదో పాట ‘క్లోజర్’. దాన్ని నిలబెట్టేది గొంతూ కాదు, గిటారూ కాదు. మొదటి క్షణం నుంచి గుండెల మీద మోదే బేస్ డ్రమ్ము. అది ఆ బృందాన్ని నడిపే ట్రెంట్ రెజ్నర్ సొంతం కాదు. గాయకుడు ఇగ్గీ పాప్ 1977 నాటి ‘నైట్‌క్లబ్బింగ్’ నుంచి కత్తిరించి, మార్చి వాడుకున్నది. ఆల్బమ్ వివరాల్లో ఆ సంగతి ముద్రించారు, దాచలేదు. కానీ రచయితగా ఉన్నది రెజ్నర్ పేరు ఒక్కటే. పునాది అరువు, ఇంటిపేరు సొంతం! శాంప్లింగ్‌ను, అంటే పాత రికార్డు ముక్కను కొత్త పాటలో వాడడాన్ని, ఏర్చి కూర్చడం అనండి, ఒప్పుకుంటాను. స్వరరచన అంటే ఒప్పుకోను.

సింధుభైరవి:
లయకారి గారూ, తీసుకున్నది ఒక్క దెబ్బ. దరువు వరుస కాదు, బాణీ కాదు, మాట కాదు. ‘నైట్‌క్లబ్బింగ్’ మత్తులో తూలుతూ నడుస్తుంది. ‘క్లోజర్’ పళ్లు బిగించి నడుస్తుంది. ఎవరూ చెప్పకపోతే ఆ రెండింటి చుట్టరికం మీరైనా పోల్చుకునేవారా? ఇంకో తమాషా వినండి. ఆ పాత పాటలో డ్రమ్ము వాయించిన మనిషే లేడు, అది డ్రమ్ మెషిన్, అంటే దరువు పుట్టించే యంత్రం. రికార్డుకు నిర్మాత బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బోవీ. మరి ఆ దెబ్బ ఇగ్గీదా, బోవీదా, యంత్రం చేసిన కంపెనీదా?

పాత_క్యాసెట్:
శబ్దాన్ని శాంప్లర్ యంత్రంలోకి ఎక్కించగానే పాట పుట్టదండీ. శ్రుతి దించితే శబ్దం సాగుతుంది, తోక కత్తిరించాలి. ఎక్కువ కత్తిరిస్తే ‘టక్’ అని ఎండిపోతుంది, తక్కువైతే తర్వాతి దెబ్బ మీద పడి అంతా బురద. పైనున్న కీచుదనం ఎంత ఉంచాలి, ఎంత గీకెయ్యాలి అన్నది మరో తంటా.

ఇప్పుడు ‘క్లోజర్’ మొదలు వినండి. ‘ధమ్’, దానికి జవాబుగా గాలి కోసినట్టు ‘ఛ్’. అంతే, మధ్యలో ఖాళీ. కాసేపటికి కింద సింథసైజర్ బేస్ పాకుతూ వస్తుంది. తర్వాత పొర మీద పొర చేరి, చివరికి ఊపిరాడనంత రద్దీ అవుతుంది. ఏ పొర ఎప్పుడు రావాలో, ఎక్కడ ఖాళీ వదలాలో నిర్ణయించడం స్వరరచన కాకపోతే మరేమిటి? అసలు నైన్ ఇంచ్ నెయిల్స్ బాట అయిన ఇండస్ట్రియల్ సంగీతం, అంటే యంత్రాల మోతతో అల్లే సంగీతం, తీరే ఇది. బెర్లిన్‌లో ఐన్‌స్టుర్జెండె నొయ్‌బౌటెన్ బృందం 1980ల్లో ఇనుప రేకులూ డ్రిల్లింగ్ యంత్రాలూ వేదిక ఎక్కించింది. రేకు చేసిన ఫ్యాక్టరీకి రచనలో వాటా ఇవ్వమని ఎవరైనా అడిగారా?

లయకారి:
రేకు వస్తువు. రికార్డు మరొకరి పనితనం. రెండింటినీ ఒకే గాట కట్టకండి.

రెజ్నర్ కథే మీకు ఎదురు తిరుగుతుంది. 2008లో నైన్ ఇంచ్ నెయిల్స్ పేరుతో వచ్చిన ‘గోస్ట్స్’ వాద్య సంగీతం నుంచి ఒక ముక్కను యంగ్‌కియో అనే నెదర్లాండ్స్ కుర్రవాడు లూపు చేశాడు, అంటే మళ్లీ మళ్లీ తిరిగేలా పెట్టాడు. దాని మీద అమెరికా గాయకుడు లిల్ నాస్ ఎక్స్ ‘ఓల్డ్ టౌన్ రోడ్’ పాడాడు. 2019లో ఆ పాట అమెరికాలో పాటల ఆదరణ లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో 19 వారాలు మొదటి స్థానం వదల్లేదు. అందులో రెజ్నర్, ‘గోస్ట్స్’లో ఆయన సహచరుడు అట్టికస్ రాస్ ఇద్దరూ రచయితలుగా ఉన్నారు. రెజ్నర్ సంగీతాన్ని వాడితే ఆయన రచయిత, ఆయన మరొకరిది వాడితే వాళ్లకు ఒక్క పంక్తి కృతజ్ఞత. ఏ లెక్క ఇది?

కోర్టుపక్షి:
లెక్క ఉంది. ‘ఓల్డ్ టౌన్ రోడ్’లోకి వెళ్లింది తీగలు మీటిన వరుస, అంటే స్వరం. ‘క్లోజర్’లోకి వచ్చింది ఒక శబ్దం. రచన మీద హక్కు వేరు, రికార్డు మీద హక్కు వేరు.

జర్మనీలో ఎలక్ట్రానిక్ సంగీత బృందం క్రాఫ్ట్‌వెర్క్ వేసిన కేసు చూడండి. వాళ్ల 1977 నాటి ‘మెటాల్ ఔఫ్ మెటాల్’ నుంచి సుమారు రెండు సెకన్ల దరువును మోజెస్ పెల్హామ్ అనే నిర్మాత లూపు చేశాడు. ఆ వ్యాజ్యం ఏళ్ల తరబడి సాగి యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం దాకా వెళ్లింది. ముక్క ఎంత చిన్నదైనా అనుమతి లేకుండా వాడితే రికార్డు నిర్మాత అభ్యంతరం చెప్పవచ్చు, కానీ చెవికి గుర్తు పట్టరానంతగా మార్చితే అది ఉల్లంఘన కాదు అని 2019లో ఆ న్యాయస్థానం తేల్చింది. అక్కడితో కూడా కేసు ఆగలేదనుకోండి, అది వేరే పురాణం.

సింధుభైరవి:
నిజంగా అప్పు వెతకాలంటే అదే ఆల్బమ్‌లో ‘ఎ వార్మ్ ప్లేస్’ దగ్గరకు వెళ్లండి. బోవీ ‘క్రిస్టల్ జపాన్’ బాణీతో దాని పోలిక రెజ్నరే ఒప్పుకున్నాడు. మన సినిమా పాటల మీద ‘ట్యూను కాపీ’ అని పోట్లాడుకునేది ఇలాంటి వాటి గురించే కదా? ఆ పోలికకు శాంపిల్ అక్కర్లేకపోయింది. అలాంటిది వదిలేసి, పేరు చెప్పి మరీ తీసుకున్న ఒక్క దెబ్బ మీద ఇంత పంచాయితీ!

పాత_క్యాసెట్:
‘క్లోజర్’ ముగింపు కూడా వినాలి. ఆ రద్దీ అంతా తెగిపోయాక పియానో ఒంటరిగా ఒక చిన్న స్వరం పలుకుతుంది. ఆల్బమ్ పేరున్న పదమూడో పాటలో అదే మళ్లీ వస్తుంది. డ్రమ్ము లేకపోయినా నిలిచే రచన అది.

లయకారి:
ఆ పియానో రెజ్నర్‌దే, కాదన్నది ఎవరు? కానీ దాని దాకా ఆరు నిమిషాలు మమ్మల్ని నడిపించింది ఆ డ్రమ్మే. డ్రమ్ము తీసేసి ఒక్కసారి ఊహించుకోండి, తర్వాత మాట్లాడదాం.