స్నేక్ ప్లాంట్‌లో కొత్త చార: ఒక్క పిలక చూసి కొత్త పేరు పెట్టొచ్చా?

కుండీలోకం: నా దగ్గర లారెంటీ ఉంది, ఆకు అంచున పసుపు పట్టీ ఉండే రకం. ఈమధ్య వచ్చిన పిలకలో పసుపు అంచున ఆగలేదు, ఆకులో సగం ఆక్రమించింది. ఎంత బాగుందో! పొట్టిగా పెరిగే ‘హానీ’ అనే రకం కూడా లారెంటీలో పుట్టిన మార్పే. 1939లో న్యూ ఆర్లీన్స్‌లో కనబడితే 1941లో పేటెంట్ వచ్చింది. మరి దీనికి పేరు పెడితే తప్పేంటి?

పచ్చాకు: ఆకు ముక్క నాటి చూడండి. పసుపు నిలవకపోతే అది రకమే కాదు.

వేరుమాట: పచ్చాకు గారూ, ఆ లెక్కన లారెంటీ కూడా రకం కాదు. దాని ఆకు ముక్క నాటితే దాదాపు ఎప్పుడూ పసుపు లేని మొక్కే వస్తుంది. లారెంటీ ఒక కైమెరా: చిగురు మొనలో రెండు రకాల కణాలు పొరలుగా ఉంటాయి, పత్రహరితం తయారుచేయలేని పొర నుంచి ఆ అంచు వస్తుంది. ఆకు ముక్కలో కొత్త మొగ్గ సాధారణంగా లోపలి పచ్చ కణాల నుంచి పుడుతుంది, అందుకే పసుపు పోతుంది. ఆకు మీది అడ్డచారలు మాత్రం పోవు, ఎందుకంటే వాటి లక్షణం అన్ని కణాల్లోనూ ఉంది. పిలకలోనైతే పొరలన్నీ కలిసే వస్తాయి. సాగు రకాల పేర్ల నియమావళి అడిగేది కూడా ఇదే: ఆ మొక్కకు తగిన పద్ధతిలో పెంచినప్పుడు లక్షణం నిలవాలి.

కుండీలోకం గారూ, మీ మొక్కకు పేరు ఇప్పుడే వద్దంటాను. పసుపు ఒక పక్కకే ఉందంటే పొర మొత్తం మారలేదు, ఒక ముక్కే మారింది. దుంపలో మొగ్గ పచ్చ వైపు లేస్తే పచ్చ పిలక, పసుపు వైపు లేస్తే పూర్తి పసుపు పిలక. రెండోది తల్లి మీదే బతుకుతుంది, విడదీస్తే ఆహారం తయారుచేసుకోలేదు. సరిహద్దులో లేచిన మొగ్గ మీద నాకు ఆశ ఉంది. అది నిలకడైన అంచుతో వచ్చి, దాని పిలకలూ అలాగే వస్తే అప్పుడు పేరు పెట్టండి, నేనే మొదట అడిగి తీసుకుంటాను.

పచ్చాకు: ఒప్పుకుంటున్నాను. కానీ అమ్మేవాళ్లు అంతకాలం ఆగరు కదా?

వేరుమాట: ఆగాలండీ. పేరు చూసి డబ్బు పెట్టినవాళ్లకు పచ్చ పిలకలు వస్తే అది అన్యాయం.

కుండీలోకం: సరే, ఆగుతాను. పక్కన ఒక పచ్చ పిలక కూడా లేస్తోంది, ఉంచనా?

వేరుమాట: వేరే కుండీలోకి మార్చండి. పచ్చవి వేగంగా పెరిగి కుండీ అంతా ఆక్రమిస్తాయి.