ప్రభువు బల్ల దగ్గర చేయి చాపలేకపోతున్నాను
అందరికీ వందనాలు. బాప్తిస్మం తీసుకుని ఆరేళ్లయింది. నాన్న చనిపోయే ముందు రెండేళ్లు ఆయనతో మాట్లాడలేదు. ఆ పాపం ఒప్పుకొని ఎన్నిసార్లు ఏడ్చానో! క్రీస్తులో ఉన్నవారికి శిక్షావిధి లేదని రోమా 8:1 చెబుతోంది, నమ్ముతున్నాను. అయినా నెల మొదటి ఆదివారం ప్రభువు బల్లలో, అంటే యేసు మరణాన్ని గుర్తుచేసుకుంటూ సంఘమంతా రొట్టె, ద్రాక్షారసం పంచుకునేటప్పుడు, రొట్టె నా వరుస దాకా వచ్చేసరికి చేయి ముందుకు రాదు. ఆ రొట్టెను ‘అయోగ్యముగా’ తినేవాడు అపరాధి అవుతాడన్న 1 కొరింథీయులకు 11:27లోని మాట గుండెలో గుచ్చుకుంటుంది. తర్వాతి వచనం పరీక్షించుకొని తినమంటుంది కదా, మానుకోమని కాదు! ఆ పత్రిక రాసిన పౌలు అక్కడ మందలించింది బీదలు ఆకలితో ఉండగా తాము ముందే తినేసినవారిని. ఇంత తెలిసినా భయం పోవడం లేదు.

క్షమాపణ అడగడానికి నాన్న లేరు. ఇలాంటి భారం నుంచి విడుదల పొందినవారు ఉన్నారా? యాకోబు 5:16 ప్రకారం సంఘంలో ఒకరి దగ్గర ఒప్పుకోవడం మీకు మేలు చేసిందా? మీరు మొదట ఏమి చేశారో దయచేసి చెప్పండి.