జీబ్రా చేప లార్వాలో రాగ్1 సంకేతం లేకపోతే థైమస్ లేనట్టేనా?

ప్రశ్న (ఎమ్మెస్సీ జంతుశాస్త్ర విద్యార్థిని):
థైమస్ (రోగనిరోధక టి కణాలు పరిపక్వమయ్యే అవయవం) లోపించిన జీబ్రా చేపల ఉత్పరివర్తనాల కోసం చేసిన స్క్రీనింగ్‌ల గురించి చదువుతున్నాను. లార్వాలను రాగ్1 జన్యువు ప్రోబ్‌తో ఇన్ సిటు పద్ధతిలో (ఆ జన్యువు పనిచేస్తున్న చోట రంగు మచ్చ పడేలా) పరీక్షించి, మొప్పల దగ్గర ఇరువైపులా ఉండవలసిన మచ్చలు లేనివాటిని వేరుచేశారు. మచ్చ లేదంటే అవయవమే ఏర్పడలేదని అర్థం చేసుకోవచ్చా?

సమాధానం 1:
అలా అనుకోకూడదండీ. రాగ్1 అనేది టి, బి కణాలు తమ గ్రాహక జన్యువులను ముక్కలు చేసి తిరిగి కలుపుకునేటప్పుడు పనిచేసే జన్యువు కనుక, ఆ మచ్చ చూపేది థైమస్‌లోకి వచ్చి చేరిన లింఫాయిడ్ కణాలను; అద్దెదారులు దిగలేదని ఇల్లే కట్టలేదనలేం కదా. థైమస్ చట్రం గ్రసని కోష్ఠాల (పిండం గొంతు పక్కన ఏర్పడే సంచుల) ఉపకళ, అంటే పైపొర కణజాలం నుంచి ఏర్పడుతుంది. దాని గుర్తు ఫాక్స్‌ఎన్1 జన్యువు. అందువల్ల రాగ్1 లేని ప్రతి ఉత్పరివర్తనంలో ఫాక్స్‌ఎన్1 కూడా చూడాలి. అది ఉండి రాగ్1 లేకపోతే లోపం రక్త మూలకణాల్లోనో, అవి థైమస్‌కు చేరే దారిలోనో ఉండవచ్చు. రెండూ లేకపోతే కోష్ఠాల నిర్మాణాన్నే అనుమానించాలి. టీబీఎక్స్1 జన్యువు లోపించిన వాన్ గో అనే ఉత్పరివర్తనంలో గ్రసని చాపాలే సరిగా ఏర్పడవు. మనుషుల్లో డిజార్జ్ సిండ్రోమ్‌తో (థైమస్ కూడా దెబ్బతినే పుట్టుకతో వచ్చే వ్యాధి) ముడిపడిన జన్యువు కూడా ఇదే. అయితే ఫాక్స్‌ఎన్1 ఉన్నంత మాత్రాన ఉపకళ నిర్దోషి అని తేలిపోదు, ఎందుకంటే మూలకణాలను పిలిచే సీసీఎల్25 వంటి సంకేతాలను విడుదల చేసేది కూడా ఉపకళే. ఆరోగ్యకరమైన పిండం కణాలను బ్లాస్టులా దశలో (అవయవాలు ఏర్పడక ముందు, పిండం కణాల గుంపుగా ఉన్నప్పుడు) ఉత్పరివర్తన పిండంలోకి మార్పిడి చేసి, ఏ కణజాలం మారితే మచ్చ తిరిగి వస్తుందో చూడటమే నమ్మదగిన తీర్పు.

సమాధానం 2:
పై సమాధానానికి వయసు సంగతి చేర్చాలి. రాగ్1 మూడు నాలుగు రోజులకు గాని స్పష్టంగా కనిపించదు కనుక, మొత్తం ఎదుగుదలే మందగించిన లార్వా కూడా లోపమున్నట్టే కనిపిస్తుంది. ఈత తిత్తి గాలితో నిండిందో లేదో ముందు చూసుకోవడం మంచిది. పైగా లార్వా దశ ఫలితం పెద్ద చేపకు వర్తించాలని లేదు. లింఫాయిడ్ కణాల ఎదుగుదలను నడిపే ఇకారోస్ జన్యువు ఉత్పరివర్తనంపై 2006లో వెలువడిన అధ్యయనంలో లార్వాల్లో టి కణాలే ఏర్పడలేదు, కానీ కొంత ఎదిగిన చేపల్లో అవి తక్కువ సంఖ్యలో, పరిమితమైన గ్రాహక వైవిధ్యంతో కనిపించాయి. ఐదో రోజుతో పరిశీలన ముగించి ఉంటే ఈ విషయం బయటపడేదే కాదు.

ప్రశ్నించినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. మార్ఫోలినోతో (జన్యువు నుంచి ప్రొటీన్ తయారీని తాత్కాలికంగా అడ్డుకునే కృత్రిమ అణువు) జన్యువును అణచివేసి ఇదే ప్రశ్న అడగవచ్చా?

సమాధానం 2:
అడగవచ్చు, కానీ దాని ప్రభావం కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది, సరిగ్గా థైమస్ నిండే సమయానికి. గురి తప్పిన ప్రభావంతో జరిగే కణమరణం వల్ల మచ్చ మాయమయ్యే ప్రమాదమూ ఉంది. క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతితో స్థిరమైన ఉత్పరివర్తనం తయారుచేసుకునే వీలుంటే అదే చేయండి. మార్ఫోలినో ఫలితాన్ని ఒంటరిగా చూపితే సమీక్షకులు ఒప్పుకోరు, వారి అభ్యంతరం న్యాయమైనదే.