కంప్యూటర్ మారిస్తే డబ్బు కట్టి కొన్న ఆఫీసు సాఫ్ట్‌వేర్ పోవడం న్యాయమేనా?

బ్రాడీపేట పద్దులు

గుంటూరు మిర్చి యార్డులో నాలుగు కమీషన్ కొట్లకు నేను లెక్కలు రాస్తాను. తక్‌పట్టీలు (రైతుకు ఇచ్చే అమ్మకపు లెక్కచీటీలు), హమాలీ ఖర్చులు, రైతుల అడ్వాన్సులు, అన్నీ 2019 నుంచి ఒకే కంప్యూటరులో, ఆ ఏడాదే బిల్లు మీద కొన్న మైక్రోసాఫ్ట్ ఆఫీసు సాఫ్ట్‌వేరులో ఉన్నాయి. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియడం, నా పాత ప్రాసెసర్ విండోస్ 11కి సరిపోదని తేలడం వల్ల, సంక్రాంతి వెళ్లాక కొత్త యంత్రం కొని, పాతదాన్ని మార్పిడి కింద ఇచ్చేశాను. ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు కొట్టాల్సిన 25 అక్షరాల కీ ఉన్న కార్డు కూడా బిల్లుల ఫైలులో భద్రంగానే ఉంది.

అయినా కొత్త యంత్రం ఆ కీని ఒప్పుకోలేదు. కొన్నాళ్లు నడిచాక తెర పైభాగం ఎర్రబడింది. ఫైలు తెరుచుకుంటుంది, చదువుకోవచ్చు, ప్రింటు కూడా తీసుకోవచ్చు. కానీ ఒక్క టిక్కీ (మిర్చి బస్తా) బరువు సరిదిద్దుదామంటే అక్షరం పడదు. మార్చి 31 లోపు నాలుగు కొట్ల లెక్కలు తేల్చాలి. సహాయ కేంద్రానికి ఫోను చేస్తే, వేరే లైసెన్సు కొనుక్కోవాలని మర్యాదగానే చెప్పారు.

ఇల్లు మారితే బీరువా మన వెంట వస్తుంది. పూర్తి ధర ఒక్కసారే కట్టి కొన్న సాఫ్ట్‌వేర్ ఎందుకు రాకూడదు? ఒకేసారి రెండు యంత్రాల్లో వాడుకుంటానని నేను అడగడం లేదు. పాతదాంట్లో తీసేసి కొత్తదాంట్లో పెట్టుకోనివ్వమనే అడుగుతున్నాను.

గవర్నర్‌పేట హార్డ్‌వేర్

సోదరా, మీ ఇబ్బంది నిజమైనదే గానీ, గోడలో కట్టించిన బీరువా ఇల్లు మారితే వెంట రాదు. నేను విజయవాడలో చాలా ఏళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నాను కాబట్టి కొట్టువాడి వైపు నుంచి కూడా చెప్పనివ్వండి. కంప్యూటరుతో కలిపి అమ్మే లైసెన్సు ఒకటి, విడిగా పెట్టెలోనో కార్డు మీదో అమ్మేది మరొకటి. మొదటిది ఆ యంత్రంతోనే పుట్టి ఆ యంత్రంతోనే పోతుంది, అందుకే దాని ధర తక్కువ. రెండోదాన్ని మరో యంత్రానికి మార్చుకోవచ్చు. విండోస్ విషయంలోనైతే, మదర్‌బోర్డు చెడిపోయి మార్చినప్పుడు అదే యంత్రంగానూ, వేగం కోసం మార్చినప్పుడు కొత్త యంత్రంగానూ లెక్క వేస్తారు. తక్కువ ధరకు ఒప్పుకొని కొని, తర్వాత ఎక్కువ ధర హక్కు అడగడం సబబు కాదని నా అభిప్రాయం.

ఈ షరతులు రాతిమీది గీతలేమీ కావు. 2013 ఆఫీసును మొదట విడిగా అమ్మిన ప్రతిలో కూడా ఒకే యంత్రానికి కట్టేశారు. కొన్నవాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పడంతో ఆ ఏడాది మార్చిలోనే మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గి, 90 రోజులకు ఒకసారి చొప్పున వేరే యంత్రానికి మార్చుకోనిచ్చింది. అందుకే అడుగుతున్నాను: మీరు కొన్నది ఏ రకం? తెర మీద కనిపించిన వాక్యం ఏమిటి? అది తెలియకుండా న్యాయాన్యాయాలు తేల్చలేము.

అరండల్‌పేట డీటీపీ

రకం ఏదైనా చివరికి నష్టపోయేది కొన్నవాడే. శుభలేఖలు కంపోజ్ చేసే తెలుగు సాఫ్ట్‌వేరును అప్పట్లో నేను డబ్బు పెట్టే కొన్నాను. దానికి అగ్గిపెట్టెంత లాక్ ఒకటి ఇచ్చారు. దాన్ని ప్రింటరు తగిలించే 25 పిన్నుల పోర్టుకు బిగిస్తేనే అక్షరం పడేది. ఇప్పటి యంత్రాలకు ఆ పోర్టే లేదు. ఆ ఫాంట్లు, అన్ని యంత్రాలూ ఒకేలా చదివే యూనికోడ్ అక్షరాలకు ముందువి కాబట్టి, పాత ఫైలును వేరేచోట తెరిస్తే వరుడి పేరు స్థానంలో అర్థం లేని గుర్తులు వస్తాయి. ఆ ఒక్క పని కోసం పాత కంప్యూటరును బల్ల కింద ఇప్పటికీ నడుపుతున్నాను, మొన్ననే దానికి మూడోసారి పవర్ సప్లయి మార్పించాను. సాఫ్ట్‌వేర్ పోతే ఇంకోటి కొనుక్కుంటాము, ఇరవై ఏళ్ల పని పోతే ఏమి కొనుక్కోవాలి?

కృష్ణలంక వకీలు

ఈ వివాదంలో మన రాష్ట్రానికే ప్రత్యేక స్థానం ఉంది. రెడీమేడ్ సాఫ్ట్‌వేరు మీద అమ్మకపు పన్ను వేయవచ్చా అన్న ప్రశ్న టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి మధ్య సుప్రీంకోర్టు దాకా వెళ్లినప్పుడు, అది సరుకేనని, కాబట్టి పన్ను వేయవచ్చని 2004 నవంబరులో తీర్పు వచ్చింది. విదేశీ కంపెనీల నుంచి కొన్న సాఫ్ట్‌వేరుకు కట్టే సొమ్ము రాయల్టీ కాదని, అది సరుకు కొనుగోలేనని 2021 మార్చిలో మరో తీర్పు వచ్చింది. ఈ రెండూ పన్ను తగాదాల్లో వచ్చినవే తప్ప, కొన్నవాడు లైసెన్సును ఎలా వాడుకోవచ్చో తేల్చినవి కావు. అయినా నా మనసులో ఉన్న ప్రశ్న అడగకుండా ఉండలేను: పన్ను కట్టించుకునేటప్పుడు సరుకైనది, కొన్నవాడు పక్క యంత్రంలోకి మార్చుకుంటానన్నప్పుడు కేవలం అనుమతి ఎలా అవుతుంది?

1957 కాపీరైటు చట్టంలోని 52వ సెక్షను, న్యాయంగా ప్రోగ్రాము పొందినవాడు, అది దేనికోసం ఇచ్చారో దానికోసం వాడుకోవడానికి ప్రతి తీసుకోవచ్చని, పాడైపోతే పనికొచ్చేలా బ్యాకప్ ప్రతి ఉంచుకోవచ్చని చెబుతుంది. కొన్న లైసెన్సును తిరిగి అమ్ముకోవచ్చని, అయితే అమ్మినవాడు తన ప్రతిని పనికిరాకుండా చేయాలని ఐరోపా న్యాయస్థానం 2012లో చెప్పింది. అమెరికాలో 2010లో ఒక అప్పీలు కోర్టు దీనికి భిన్నంగా, ఇది అమ్మకం కాదు, లైసెన్సేనని తేల్చింది.

ఈ చర్చ చదివి ఎవరైనా క్రాక్ చేసిన ప్రతి వైపు చూస్తారేమోనని ఒక హెచ్చరిక చేస్తున్నాను. అక్రమ ప్రతి అని తెలిసి కంప్యూటరులో వాడితే మన కాపీరైటు చట్టం 63బి సెక్షను కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ.50,000 నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. మీ దగ్గర న్యాయం ఉన్నప్పుడు దాన్ని మీ చేతులతో మీరే పోగొట్టుకోవద్దు.

మొగల్రాజపురం టీచరు

మా బడిలో లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ వాడుతున్నాము. దానికి కీ లేదు, యంత్రం మార్చినా ఎవరినీ అడగనక్కరలేదు. మార్చి 31 దగ్గరపడుతున్నది కాబట్టి ముందు లెక్కలు అందులో తెరిచి పని కానివ్వండి, హక్కుల సంగతి నింపాదిగా తేల్చుకోవచ్చు.

బ్రాడీపేట పద్దులు

టీచరు గారూ, మీ మాట విని నిన్న రాత్రే ప్రయత్నించాను. మామూలు కూడికలన్నీ సరిగ్గానే వచ్చాయి. తక్‌పట్టీ ముద్రణ కోసం రాయించుకున్న మాక్రోలు (పనిని వాటంతట అవే చేసే చిన్న ఆదేశాలు) మాత్రం నడవలేదు. మూడు కొట్ల పని అందులోనే చేస్తున్నాను, నాలుగోదానికి నెలవారీ చందా కట్టాను. మీకు చాలా కృతజ్ఞతలు.

గవర్నర్‌పేట సోదరులు అడిగిన వాక్యాన్ని ఈసారి జాగ్రత్తగా చదివాను. ఈ కంప్యూటరుకు చెల్లదని అందులో లేదు. ఈ కీని ఇప్పటికే వాడేశారని ఉంది. పాత బిల్లు తీసి చూస్తే కంప్యూటరు ఒక వరుసలో, ఆఫీసు మరో వరుసలో, రెండింటికీ విడివిడి ధర, విడివిడిగా 18 శాతం జీఎస్టీ ఉన్నాయి. అంటే నేను విడిగానే కొన్నానని, మీరు చెప్పిన రెండో రకమేనని అనుకుంటున్నాను. అప్పుడు సరుకు తెచ్చి బిగించిన కుర్రాడు నన్ను ఈమెయిల్ అడిగిన గుర్తు లేదు. పక్కన కూర్చొని తన ఫోను చూసుకుంటూ ఏదో టైపు చేశాడు, అయిదు నిమిషాల్లో అయిపోయిందన్నాడు, నేను టీ తెప్పించాను.

గవర్నర్‌పేట హార్డ్‌వేర్

ఇక నేను నా మొదటి మాటను సవరించుకోవాలి. మీ లైసెన్సు యంత్రానికి కట్టినది కాదు, ఆ కుర్రాడు అప్పటికప్పుడు తయారుచేసిన ఈమెయిల్ ఖాతాకు కట్టినది. ఇది మా వ్యాపారంలో ఎక్కువగా జరిగే తప్పు, దీనికి మేమే బాధ్యులమని ఒప్పుకుంటున్నాను. కొనేవారికి ఈమెయిల్ లేదనో, ఉన్నా సంకేతపదం గుర్తు లేదనో, పని త్వరగా తెమల్చాలని మా వాళ్లే ఖాతా తెరిచేస్తారు. ఆ ఖాతా ఎవరిదో వారికే ఆ లైసెన్సు. కుర్రాడిని వెతికి, ఏ ఫోను నంబరుతో తెరిచాడో అడగండి. ఆ నంబరుకు ఓటీపీ వస్తే కొత్త యంత్రంలో ఆ ఖాతాతో లాగిన్ అయి మళ్లీ ఎక్కించుకోవచ్చు. ధర విషయంలో నా వాదన మాత్రం అలాగే ఉంది: కంప్యూటరుతో కలిపి చవకగా కొన్నవారికి ఆ హక్కు ఉండదు.

కృష్ణలంక వకీలు

ఆ షరతును అమ్మే ముందు తెలుగులో ఒక్క వాక్యం చెప్పి ఉంటే మీ వాదనను నేనూ ఒప్పుకుంటాను. బిల్లు మీద రకం రాయకుండా, పెట్టె విప్పాక, తెర మీద ఇంగ్లీషులో పేజీలకు పేజీలు చూపించి ఒప్పుకున్నానని నొక్కించుకోవడాన్ని ఒప్పందమనడానికి నాకు మనసు రాదు.

పద్దుల మిత్రులకు: సొంత జీవనోపాధి కోసం కొన్నవారు కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారులే. మీరు ఉండే ఊరి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. అయితే వివాద కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు చేయాలి. ముందుగా కొట్టుకు రాతపూర్వకంగా ఒక లేఖ పంపి, రసీదు దగ్గర ఉంచుకోండి.

బ్రాడీపేట పద్దులు

ఈ ఉదయం ఆ కొట్టుకు వెళ్లాను. యజమాని మర్యాదగానే కూర్చోబెట్టి మాట్లాడారు. ఆ కుర్రాడు 2021లోనే పని మానేసి హైదరాబాదు వెళ్లిపోయాడట. ఆయన నాముందే ఫోను చేసి మాట్లాడించారు. ఖాతా తెరిచిన నంబరు ఇప్పుడు తన దగ్గర లేదని, రీఛార్జి చేయకపోవడంతో పోయిందని అబ్బాయి చెప్పాడు. ఈమెయిల్ పేరు మాత్రం అతనికి గుర్తుంది: కొట్టు పేరు, దాని చివర 2019. సంకేతపదం కోసం తనకు తోచినవన్నీ సాయంత్రానికి రాసి పంపుతానన్నాడు.

ఆ నంబరుకు నేను ఫోను చేసి చూశాను. ఇప్పుడు అది తెనాలిలో ఒక పెద్దావిడ దగ్గర ఉంది. ఓటీపీ చెప్పమని ముక్కూమొహం తెలియని వ్యక్తి అడిగితే ఆమె చెప్పకూడదు, నేను అడగనూ కూడదు. అందుకని క్షమించమని చెప్పి పెట్టేశాను.

వకీలు గారూ, సంకేతపదం కలవకపోతే లేఖ రేపే పంపుతాను. దానికి బిల్లు జిరాక్సు జతచేస్తే చాలునా, కీ ఉన్న కార్డుది కూడా పెట్టాలా?

కృష్ణలంక వకీలు

రెండింటి జిరాక్సులూ పెట్టండి. కార్డు జిరాక్సులో కీలోని చివరి అయిదు అక్షరాలు తప్ప మిగిలినవి కనిపించకుండా కాగితం అడ్డుపెట్టి తీయించండి. అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి.