సోలాపూర్ పూర్వ భాగ్: మరమగ్గాలు ఇళ్లలోనే ఉండాలా, ఊరి వెలుపలికి పోవాలా?

కన్నా చౌక్ నివాసి:
మహారాష్ట్రలోని సోలాపూర్ తూర్పు భాగమైన పూర్వ భాగ్‌లో, అంటే అశోక్ చౌక్, కన్నా చౌక్, భద్రావతి పేఠ్, దాజీ పేఠ్‌లలో ఉండే మన తెలుగువారి ముందు ఈ ప్రశ్న పెడుతున్నాను. కింద మగ్గాలు, పైన సంసారం అనే పద్ధతిని ఇంకెంతకాలం సాగనిద్దాం? పొద్దస్తమానం చెవులు దిమ్మెక్కించే చప్పుడు, ఊపిరిలోకి పోయే నూలు ధూళి, మెట్ల కింద పేర్చిన నూలు మూటలు ఉన్న చోటును నివాస ప్రాంతమని ఎలా అంటాం? అక్కల్‌కోట్ రోడ్డులో ఎంఐడీసీ (ప్రభుత్వ పారిశ్రామికవాడ) ఉంది కాబట్టి మగ్గాలన్నింటినీ అక్కడికి తరలించాలన్నది నా అభిప్రాయం.

నేతింటివాడు:
నివాసి గారూ, మీ ఇబ్బందిని కాదనను. మా ఇంట్లో దేవుడి పటాల వెనుక రబ్బరు ముక్కలు అతికించుకున్నాం. లేకపోతే మగ్గాల అదురుకు నాలుగు రోజుల్లో వంకరపోతాయి. అయితే ఇది మొదట నివాస ప్రాంతమనీ, మగ్గాలు తరువాత వచ్చి దీన్ని పాడుచేశాయనీ మీ మాటల్లో ధ్వనిస్తోంది. జరిగింది అది కాదు. 1860లో సోలాపూర్‌కు రైలు వచ్చింది. జనం జునీ మిల్ అని పిలిచే మొదటి బట్టల మిల్లు 1877లో మొదలైంది; దక్కన్‌ను పెద్ద కరువు పీడించిన కాలమూ అదే. నిజాం ఇలాకా నుంచి వలస వచ్చిన పద్మశాలీల్లో కొందరు మిల్లు పనిలో చేరితే, తక్కినవారు మగ్గం గుంటకు సరిపడా జాగా వెతుక్కొని, దాని చుట్టూ గోడలు లేపుకొని, అందులోనే కాపురం పెట్టారు. ఆ చేతిమగ్గం చోటులోకే తరువాత మరమగ్గం వచ్చి చేరింది. భౌగోళిక గుర్తింపు పొందిన సోలాపూర్ చద్దరు, తువ్వాలు ఇలాంటి ఇళ్ల నుంచి కూడా వచ్చినవే.

జునీ మిల్ 1960లలో, లక్ష్మీ-విష్ణు మిల్లు 1990లలో మూతపడ్డా పూర్వ భాగ్ ఖాళీ కాలేదంటే, ఇక్కడ షెడ్డుకు అద్దె లేకపోవడం, ఇంటిల్లిపాదీ పనిలో చేయి వేయడం పెద్ద కారణాలు. అవ్వ కండెలు చుడుతుంది, కోడలు తువ్వాళ్ల అంచులు కుడుతుంది. ఆ కూలి ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. నాలుగు మగ్గాలవాడు ఎంఐడీసీలో ప్లాటు కొని, షెడ్డు వేసి, ఈ చేతులన్నింటికీ జీతాలిచ్చి నిలబడగలడా?

పైగా అక్కడికి పోయినంత మాత్రాన ఇల్లూ పనీ వేరవుతాయన్న నమ్మకం నాకు లేదు. 2025 మే నెలలో అదే ఎంఐడీసీలోని ఒక తువ్వాళ్ల కర్మాగారంలో మంటలు చెలరేగి ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయారు. యజమాని కుటుంబం ఆ ఆవరణలోనే కాపురముండేది.

బీడీ కార్మికురాలి కూతురు:
అన్నా, మీరు చెప్పిన చరిత్ర నిజమే కానీ అది మగ్గం ఉన్నవారి చరిత్ర. పూర్వ భాగ్‌లో మగ్గం లేని ఇళ్లు తక్కువేమీ కావు. మా అమ్మ కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు తెచ్చుకొని, చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టింది. నాన్న వేరొకరి ఇంట్లో కూలికి మగ్గం నడిపాడు. ఇల్లే కార్ఖానా అయినచోట పనిగంటలు, ప్రావిడెంట్ ఫండ్, గుర్తింపు కార్డు గురించి ఎవరిని నిలదీయాలి? ఒక షెడ్డులో వందమంది ఉంటే అడిగే గొంతు ఉంటుంది, ఒక్కో గల్లీలో ఇద్దరు ముగ్గురుంటే ఉండదు.

ఊరి వెలుపలికి పోవడం మాకు కొత్తేమీ కాదు. ఊరి వెలుపలున్న కుంభారిలో బీడీ కార్మికులకు కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరుళేకర్ పేరిట కట్టిన పదివేల ఇళ్లు 2006లో చేతికందాయి. 2024 జనవరిలో అక్కడే రాయ్‌నగర్‌లో మరో 15,000 ఇళ్లు ఇచ్చారు. సొంత గోడలు దక్కాయి, అది చిన్న విషయం కాదు. కానీ బీడీ పని చాటతో సహా కొత్త ఇంట్లోకి వెళ్లగలిగింది, మగ్గం పనికి మాత్రం మగవాళ్లు రోజూ ఊళ్లోకి రావాలి. మగ్గాలను తరలిస్తే కార్మికుల బస్సు సంగతి కూడా ముందే తేల్చాలి.

నేతింటివాడు:
చెల్లెమ్మా, హక్కుల మాట ఒప్పుకుంటాను. నేను కోరేది మగ్గాన్ని చట్టం నుంచి తప్పించమని కాదు. ముందు మగ్గాలున్న ప్రతి ఇంటికీ మంటలంటుకుంటే బయటపడేందుకు రెండో దారి పెట్టించాలి, మెట్ల కింద నూలు నిలవ చేయకుండా చూడాలి, కరెంటు తీగలు మార్పించాలి. తరలింపు చర్చ ఆ తరువాత.

కన్నా చౌక్ నివాసి:
రెండో దారి అన్నారు. మా వరుసలో ఇళ్లకు మూడు వైపులా పక్కింటి గోడలే. నాలుగో వైపున్న గల్లీలోకి అగ్నిమాపక బండి రాలేదు. ఆ రెండో తలుపు ఏ గోడకు పెట్టిస్తారో, పక్కింటివాడిని ఎవరు ఒప్పిస్తారో చెప్పండి.