గడీలు బాగుచేసి టూరిస్టులకు తెరవాలా?

ఓరుగల్లు_కెమెరా:
హనుమకొండ నుంచి నలుగురం కారులో కాకినాడ, భీమిలి దాకా తిరిగొచ్చాం. దారిలో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం ఇల్లు, విజయనగరంలో గురజాడ ఇల్లు, భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు చూశాం. కోరింగ మడ అడవిలో చెక్క వంతెన మీద నడుస్తుంటే, కింద బురదలో ఒక చెయ్యి మాత్రమే పెద్దగా ఉన్న బుల్లి పీతలు దాన్ని ఊపుతూ కనిపించాయి. రాత్రి ఒక బీచ్‌లో గుడ్లు పెట్టడానికి వచ్చిన ఆలివ్ రిడ్లే తాబేలు ఫొటో కూడా దొరికింది, కింద పెట్టాను.
అక్కడ పెద్దల ఇళ్ళు నిలబెట్టుకున్నారు. మన తెలంగాణ గడీల్లో, అంటే పాత దొరల కోటల్లాంటి ఇళ్ళల్లో, ఎన్నిటికో పైకప్పులు కూలి, గోడల్లో రావిచెట్లు మొలిచాయి. దోమకొండ కోటలాగా వీటినీ బాగుచేసి జనానికి చూపించాలి. మీరేమంటారు?

కాజీపేట_జంక్షన్:
ఖమ్మం మీదుగా వెళ్ళారా? రోడ్డు ఎట్లుంది?

పాకాల_గట్టు:
గడీల సంగతి తర్వాత. ఫొటోలో తాబేలు కళ్ళు మెరుస్తున్నాయి, అంటే లైటు వేశారు. ఒడ్డెక్కేటప్పుడు లైటు పడితే అది గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది. ఒక్కో గుంటలో వంద దాకా గుడ్లుంటాయి. పుట్టిన పిల్లలు వెలుతురును చూసుకునే సముద్రం వైపు నడుస్తాయి, మన లైటు చూస్తే రోడ్డు వైపు వస్తాయి. ఫొటో తీసెయ్యండి.

ఓరుగల్లు_కెమెరా:
అన్నా, గుడ్లు పెట్టి, ఇసుక కప్పి తిరిగి వెళ్తుంటే తీశాను. రెండు సెకన్లు ఫోన్ లైటు, అంతే. నేనడిగింది గడీల గురించి.

జనగామ_బస్సు:
వీరేశలింగం ఇంటినీ గడీనీ ఒకే గాటన కట్టకండి తమ్మీ. ఆయన 1881లో, ఊరంతా ఎదురు తిరిగినా, వితంతువుకు మళ్ళీ పెళ్ళి జరిపించిన మనిషి. గడీలో ఏం జరిగింది? మా తాత అక్కడ వెట్టి చేశాడు. కూలి లేదు, కాదనే నోరు లేదు. దొరల కుటుంబం ఊరు విడిచి ఎన్నో ఏళ్ళయినా, మా నాయనమ్మ గడీ ముందుకు రాగానే చెప్పులు విప్పి చేత పట్టుకునేది. లోపల గబ్బిలాలు తప్ప ఎవరూ లేరు. అయినా విప్పేది. అది కూలితే నాకేం బాధ లేదు.

ఓరుగల్లు_కెమెరా:
ఎప్పటి కోపమో గోడల మీద చూపిస్తే ఎట్లా? ఇట్లా అనుకునే మనకు ఒక్క పాత ఇల్లూ మిగల్లేదు.

జనగామ_బస్సు:
ఎప్పటి కోపమా? 1946 జులై 4న కడవెండిలో దొరకు ఎదురు తిరిగిన దొడ్డి కొమరయ్య తూటా తగిలి చనిపోయింది గడీ మనుషుల చేతుల్లోనే. పోయిన నెల మా ఊరి గడీ మెట్ల మీద పెళ్ళి ఫొటోలు తీస్తున్నారు. అమ్మాయి పట్టుచీర, అబ్బాయి దొరలాగా తలపాగా. మా నాయనమ్మ చెప్పులు విప్పింది ఆ మెట్ల ముందే. మీరు తెరిస్తే జరిగేది ఇదే.

పాకాల_గట్టు:
ఫొటో ఇంకా ఉంది.

ఓరుగల్లు_కెమెరా:
తీసేశాను అన్నా. పొరపాటే.
జనగామ అన్నా, తలపాగా ఫొటోల కోసం తెరవమనలేదు. ఆ రాళ్ళు మోసింది మీ తాతల్లాంటివాళ్ళే కదా. గడీ కూలితే వాళ్ళ చేతి పని కూడా మట్టిలో కలుస్తుంది. తర్వాత, వెట్టి ఇక్కడే జరిగిందని పిల్లలకు దేన్ని చూపించి చెప్తాం?

కాజీపేట_జంక్షన్:
దోమకొండ నేను చూశాను. కట్టడం చాలా బాగుంది. మోసినవాళ్ళ గురించి ఎవరైనా చెప్తారేమో అని ఎదురుచూస్తూ బయటికొచ్చేశాను.

జనగామ_బస్సు:
నా గొడవ కూడా అదే, గోడలతో కాదు. గేటు దగ్గర నిలబడి కథ చెప్పేది ఎవరు? దర్బారు హాలుకు సున్నం వేసే ముందు, వెట్టివాళ్ళను నిలబెట్టిన వాకిలి చూపించండి. అక్కడ మా తాత పేరు, వాళ్ళ వాడకట్టు పేర్లు రాయండి. అట్లయితే టికెట్ కొనుక్కొని వస్తా. మా నాయనమ్మ ఉండుంటే ఆమెనూ తీసుకొచ్చేవాణ్ణి, చెప్పులతోనే.