ఊరి మంచినీళ్లకు ఆపద ప్లాన్ ఎట్ల రాయాలె? తెలిసినోళ్లు చెప్పండి

అందరికీ నమస్తే. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు ఒక పల్లె. నేను వార్డు మెంబర్‌ని. మొన్న కృష్ణా నీళ్ల మెయిన్ పైపు పగిలి నాలుగు రోజులు నల్లాలు బందైనయి. రెండో రోజుకే ఎర్ర రంగేసిన పాత బోరింగు కాడ బిందెలు వరుస కట్టినయి. ఆ నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటింది, తాగొద్దనే ఆ ఎర్ర రంగు. అసొంటి నీళ్లు తాగే కాళ్లు వంకర పోయిన మా పెద్దమ్మ గోడ పట్టుకొని వచ్చి "పోరగాండ్లకు అవి తాపకుండ్రి బిడ్డా" అని మొత్తుకుంది.

అందుకే ప్లాన్ రాస్తున్న. కరెంటు పోవుడు, మోటరు కాలుడు సరే, ఎట్లనో సంభాళించుకుంటం. నా భయమంతా మోరీ పక్క లీకులదే. సప్లై ఆగితే పైపుల ప్రెషర్ పడిపోయి మురికి లోపలికి గుంజుకుంటది. మళ్లీ వదిలినాక చివరి నల్లా కాడ క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములన్న ఉండాలె.

నల్లాలు వదిలే ముందు పైపులు ఎంతసేపు కడగాలె? 40 వేల లీటర్ల ట్యాంకుకు బ్లీచింగ్ లెక్క ఎట్ల? ట్యాంకర్ నీళ్లల్ల ఫ్లోరైడ్ అక్కడికక్కడే చూసే కిట్ నమ్మొచ్చా? ఇంతకుముందు ఇసొంటి ప్లాన్ రాసినోళ్లుంటే, ముందుగాల ఏ ఆపద పట్టుకున్నరో చెప్పండి. వచ్చే గ్రామసభల పెట్టాలె.